గుమ్మంలో ఊపిరి

"ప్లగ్గు తియ్యకు! ముట్టుకోకు! చెయ్యి వెనక్కి తీసుకో!"

అత్తగారి కేక గుమ్మంలోంచే వినబడింది. ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ కోడలి చెయ్యి ప్లగ్గుకు జానెడు దూరంలో ఆగిపోయింది.

చెప్పులైనా విప్పకుండా అత్తగారు సుడిగాలిలా వంటింట్లోకి దూసుకుపోయింది. స్టవ్ మీట కిర్రుమంది. సిలిండరు మీట తిరిగింది. ఆ తర్వాత కిటికీ రెక్కలు ధడేలు ధడేలుమని గోడలకు కొట్టుకున్నాయి.

"బయటికి రా! ఎక్కడివక్కడ వదిలేసి రా!"

ఆమె వచ్చింది. ఎందుకు రమ్మంటున్నారో అర్థం కాకుండానే వచ్చింది. ఇద్దరూ మెట్ల మలుపులో నిలబడ్డారు. అత్తగారు బాగుచేయించుకొచ్చిన కళ్ళజోడు ఇంకా సంచీలోనే ఉంది.

"పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు బుస్సుమని వస్తోంది. ఎంతసేపటినుంచో ఏమో! కింది మెట్టు దగ్గరే నాకు గుప్పుమంది. నువ్వు పక్క గదిలో ఉన్నావు. మధ్యలో తలుపు కూడా లేదు."

"చూసుకోలేదత్తయ్యా. రేపటికి ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ..."

"చూసుకోవడానికి దానికేమన్నా రంగుందా, రూపముందా?"

ఆమె తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది.

"ఆ ప్లగ్గు లాగి ఉంటే నిప్పురవ్వ పడేది. మనిద్దరినీ చేటలో ఎత్తాల్సి వచ్చేది." ఆ మాట అన్నాక అత్తగారు గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది. కోడలి ముఖంలోకి కళ్ళార్పకుండా చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. పెద్దావిడ మూడు వారాల క్రితం పెద్దకొడుకు ఇంటి నుంచి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఉప్పెక్కువైందనీ నీళ్ళు ఒలికాయనీ తిడుతూనే ఉంది. తిట్టకుండా చూడడం ఇదే మొదలు.

అరగంట పోయాక లోపలికి వచ్చారు. ఇస్త్రీ బల్ల మీద తెల్లచొక్కా సగంలో ఉంది. ఒక చెయ్యి కాగితంలా నున్నగా, రెండోది ముడతలు ముడతలుగా. గోడ గడియారం నాలుగూ పది చూపిస్తోంది. ఆరున్నరకు ఆమె భర్త వస్తాడు.

"ఇలా కూర్చో." అత్తగారు స్టూలు లాగింది. "కళ్ళు మూసుకో."

"ఎందుకత్తయ్యా?"

"మూసుకోమన్నానా?"

ఆమె మూసుకుంది. వంటింట్లో ఒక డబ్బా మూత టక్కుమని ఊడింది. ఆ చప్పుడు ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో అంత బిగువుగా ఉండే మూత ఒక్కటే.

"ఏంటిది?" ముక్కు దగ్గర ఏదో పెట్టి అడిగింది అత్తగారు.

"కాఫీ పొడి."

"ఊఁ."

అడుగులు వంటింటి వైపు కాకుండా స్నానాలగది వైపు వెళ్ళాయి. అక్కడ ఏదో సీసా కదిలింది. మళ్ళీ వెనక్కి వచ్చాయి. ముక్కు కింద గాలి కొద్దిగా కదిలింది.

"ఇదేంటి?"

"ఫినాయిలు."

ఆమె ఉండబట్టలేక కళ్ళు తెరిచింది. ఎదురుగా ముడతలు పడ్డ అరచెయ్యి. దాంట్లో ఏమీ లేదు.

"నా చేతిలో ఏమీ లేదే తల్లీ," అంది అత్తగారు.

అత్తగారు స్టూలు పక్కనే కింద కూర్చుంది.

"ఎప్పట్నుంచి?"

"..."

"నిన్నే. నీకు వాసన పోయి ఎన్నాళ్ళయింది?"

"పద్నాలుగు నెలలు." ఎక్కడో ఉన్న ఇంకొకరి సంగతి చెప్పినట్టు చెప్పింది ఆమె. "అప్పుడు జ్వరమొచ్చింది కదా, వారం రోజులు. జ్వరం పోయింది. దాంతోపాటే ఇదీ పోయింది. నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఇవాళ వస్తుంది, రేపొస్తుంది అనుకుంటూ..."

"వాడికి తెలుసా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

అత్తగారు రెండు చేతులతో తల పట్టుకుంది.

ఆసుపత్రి బట్టల ఉతుకుడు విభాగంలో దుప్పట్లు మడతపెట్టే పని కోడలిది. అక్కడందరూ ఆమెను మడతలక్క అంటారు. ఏడాదిగా మడతల బల్ల వదిలేసి, మాసిన మూటలు విప్పి వేరుచేసే పని ఆమే అడిగి తీసుకుంది. చీమూ నెత్తురూ ఉండే ఆ మూటల దగ్గర తోటివాళ్ళు ముక్కుకు రెండు గుడ్డలు కట్టుకున్నా అరగంట నిలబడలేరు. ఆమె పాటలు వింటూ విప్పేస్తుంది. "నీది ముక్కా, గోడకు కొట్టిన మేకా అక్కా?" అని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. అక్కడ అది వరమే.

ఇంట్లోనే అలా కాదు. ఈ ఇల్లు ఎనిమిదేళ్ళుగా ఆమె ముక్కు మీద నిలబడి ఉంది.

పదేళ్ళ కిందట అతను తాగి వ్యాను నడిపాడు. సైకిలు మీద వెళ్తున్న గడియారాల మెకానిక్కుని గుద్దాడు. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. వెంట్రుకంత స్ప్రింగును పట్టకారుతో పట్టి నిలబెట్టే చెయ్యి అది. కోర్టు ఏడాది జైలు వేసింది. లైసెన్సు రద్దు చేసింది. మందు మానేవాళ్ళ బుధవారం మీటింగుకు వెళ్ళితీరాలని షరతు పెట్టింది. జైలు నుంచి వచ్చాక ఆ మీటింగు నడిపే పెద్దాయన ఒక మాట చెప్పాడు. "పని నుంచి ఇంటికెళ్ళగానే బూట్లు కూడా విప్పకు. గుమ్మంలో నీ భార్య ముఖం మీద ఒక్కసారి ఊదు. మాటలొద్దు. ప్రమాణాలొద్దు. ఒక్క ఊపిరి చాలు."

ఆ రోజు నుంచి ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. అతను ఊదుతాడు. ఆమె "సరే" అంటుంది. ఆ తర్వాతే బూట్లు. మీటింగులో వాళ్ళు ఆమెకు మీటరమ్మ అని పేరు పెట్టారు. "సాయంత్రం నాలుగింటికి గొంతు లాగుతుంది. ఆరున్నరకు మీటరు ముందు నిలబడాలని గుర్తొస్తుంది. అంతే, రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను," అని అతను అక్కడ అందరికీ చెబుతాడట.

ఆ మీటరు చెడిపోయిందని ఎలా చెప్పడం?

"చెప్పాల్సిందే," అంది అత్తగారు. "ఇవాళే. ఆ కాగితం మీద సంతకం పడకముందే."

కాగితం టీవీ పక్కన నీలం ఫైలులో ఉంది. రేపు పదింటికి కమిటీ ముందు పెట్టాలి. లైసెన్సు తిరిగి వస్తే సోమవారం నుంచి అతను బడి బస్సు నడుపుతాడు. నలభై రెండు సీట్లు. రక్తపరీక్ష కిందటి నెలలోనే అయింది, శుభ్రంగా వచ్చింది. కానీ రక్తం నాలుగు రోజుల సంగతే చెబుతుందనీ, రెండేళ్ళ సంగతి ఇల్లే చెప్పాలనీ ఆఫీసులో గుమాస్తా అన్నాడు. అందుకే ఇంటి సాక్షి కాగితం. "గడచిన రెండు సంవత్సరములుగా పై వ్యక్తిని ప్రతిదినము నేను స్వయముగా పరిశీలించితిని. ఏనాడూ మద్యపు వాసన లేదని ప్రమాణము చేయుచున్నాను." కింద గీత. ఆ గీత మీద ఆమె పేరు పడాలి.

ఆ ఫైలులో ఇంకో కాగితం కూడా ఉంది. అభ్యంతరం లేదని గడియారాల మెకానిక్ ఇచ్చింది. ఎడమచేత్తో పెట్టిన సంతకం, బళ్ళో కొత్తగా చేరిన పిల్లవాడు దిద్దినట్టు వంకరటింకరగా ఉంది. చెయ్యి పోగొట్టుకున్నవాడు పెట్టేశాడు. కట్టుకున్నది పెట్టడానికేం?

"రెండేళ్ళలో పది నెలలు నిజమే కదా అత్తయ్యా."

"పది నెలలు నిజం, పద్నాలుగు నెలలు అబద్ధం. పాలల్లో సగం విషమైతే మిగతా సగం తాగుతావా?"

"అలా అనకండి. ముక్కు లేకపోతేనేం, కళ్ళున్నాయి. ఆయన తాళం చెవి ఎలా తిప్పుతారో చూస్తాను. బూటు లేసు ఒక్క లాగుతో విప్పుతారా, తడుముకుంటారా చూస్తాను. క్యారేజీ ఎంత చప్పుడుతో కింద పెడతారో చూస్తాను. పాతరోజుల్లో మాట చివర జారేది. ఇప్పుడు జారట్లేదు. ఇన్ని చూస్తూనే ఉన్నాను."

"నేనూ చూశాను తల్లీ. ముప్పై ఏళ్ళు చూశాను." అత్తగారి గొంతు తగ్గింది. "మీ మామగారికి జ్వరమని నేను వాళ్ళ ఆఫీసుకి ఎన్ని చీటీలు రాశానో తెలుసా? వాంతి బట్టలు ఉతికి, ఆ తడి చేత్తోనే రాసేదాన్ని. ఆయన్ని మందు చంపిందని లోకమంతా అనుకుంటుంది. కాదు. నా చీటీలు చంపాయి."

ఆమె ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది. ముడతలున్న చేతిని పరిచింది. ఇస్త్రీపెట్టె మాత్రం ముట్టుకోలేదు.

"లవంగాల సంగతేంటి?" అంది వెనక నుంచి అత్తగారు.

"ఏ లవంగాలు?"

"అదుగో. అదీ తెలియదు నీకు." అత్తగారు ఆమె వెనకే వచ్చి నిలబడింది. "నేనొచ్చిన దగ్గర్నుంచీ వాడు రోజూ లవంగం నములుకుంటూ ఇంటికొస్తున్నాడు. సుబ్బరంగా రెండో మూడో. గది దాటినా ఘాటు పోదు. నువ్వు గుమ్మంలో ముఖాన ఊదించుకుని సరే అంటుంటే, నీకూ తెలుసులే, భార్యాభర్తల సంగతి, నాకెందుకని ఊరుకున్నాను."

ఆమె చేతి కింద చొక్కా నలిగింది.

"పన్ను నొప్పేమో. కిందటి నెలలో ఒకసారి అన్నారు."

"పన్ను నొప్పైతే ఒక పక్కే నములుతాడు. నిన్న రెండు పక్కలా నమిలాడు. నేను చూస్తూనే ఉన్నాను." ఒక్క క్షణం ఆగింది. "మీ మామగారూ లవంగాలే నమిలేవాడు."

రక్తపరీక్షై నెల దాటింది. లవంగాలు మొదలై మూడు వారాలు. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వచ్చి నిలబడడం ఆమెకు నచ్చలేదు. తోసేయబోయింది. అవి కదల్లేదు.

"సంతకం పెట్టకపోతే ఏమవుతుందో తెలుసా మీకు?" గిర్రున తిరిగింది ఆమె. "బుధవారం మీటింగులో ఎర్రచొక్కా అని ఒకాయన ఉండేవాడు. ఆరేళ్ళు మానేశాడు. కమిటీ కాదంది. ఆ వారంలోనే మళ్ళీ పట్టుకున్నాడు. ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలియదు. ఈయన ఎనిమిదేళ్ళు గిడ్డంగిలో ఇనుప సామాను మోశారు. నడుం వంగిపోయింది. 'బస్సు స్టీరింగు పట్టుకున్నరోజు మళ్ళీ మనిషినవుతాను' అంటూ బతికారు. నేనే కాదంటే..."

"పెడితే ఏమవుతుంది? అదీ చెప్పు."

ఆమె నీలం ఫైలు వైపు చూసింది.

"నలభై రెండు మంది పిల్లలు," అత్తగారే చెప్పింది. "వాళ్ళ ముక్కులు బాగానే ఉంటాయి. కానీ డ్రైవరు మామయ్య దగ్గర లవంగం వాసనొస్తే పిల్లలకేం తెలుస్తుంది? బావుందనుకుంటారు."



కింది వాటా వాళ్ళ కుక్కర్ కూత పెట్టింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక పదేపదే తన్నుతున్నారు. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి పాలగిన్నె కడిగింది. కడుగుతూ అటు తిరిగే అంది:

"ఇవాళ గుమ్మంలో నేను నిలబడతాను. నా ముక్కు ఇంకా చావలేదు. ఒక్క ఊపిరితో తేలిపోతుంది."

"వద్దు."

"ఏం? భయమా?"

"భయమే అనుకోండి. ఎనిమిదేళ్ళుగా ఆ గుమ్మంలో మేమిద్దరమే. మిమ్మల్ని నిలబెట్టానంటే ఆయన్ని దొంగనన్నట్టే." ఆమె వంటింటి గడప దాకా వచ్చింది. "నేనే అడుగుతాను. నా పద్ధతిలో అడుగుతాను. మీరు వంటింట్లో ఉండండి అత్తయ్యా. ఈ ఒక్కరోజూ ఉండండి."

అత్తగారు గిన్నె బోర్లించింది. "ఉంటానులే. నా కొడుకుని దొంగ అనాలని నాకూ లేదు," అంది.

ఆరింటికి ఆమె ముఖం కడుక్కుంది. ఆరుంపావుకు గుమ్మం దగ్గర లైటు వేయబోయి, చెయ్యి మీట మీద పెట్టి, వంటింటి వైపు చూసింది.

"వెయ్యి, పర్లేదు. గ్యాసంతా పోయింది," అంది అత్తగారి గొంతు.

ఒక లైటు వేసుకోవడానికి కూడా ఇంకొకరిని అడగాలి ఇక.

అడగబోయే మాట ఆమె అప్పటికే తయారుచేసి పెట్టుకుంది. అది చిన్నమాటే. తెలివైనదనే అనుకుంది. తన గుట్టు తనకుంటుంది, అతని గుట్టు బయటపడుతుంది. ఈ పద్నాలుగు నెలలూ మూతల చప్పుడుతో, అడుగుల చప్పుడుతో నెట్టుకొచ్చిన మనిషికి అలాంటి మాటే తడుతుంది మరి.

ఆరూ ఇరవై ఎనిమిదికి మెట్ల మీద బూట్లు వినబడ్డాయి. ఆమె లెక్కపెట్టింది. పన్నెండు మెట్లు. మలుపు. మళ్ళీ పన్నెండు. ఎక్కడా తడబాటు లేదు. తాళం చెవి ఒక్కసారే తిరిగింది.

"మీటరు రెడీయేనా?" అన్నాడు అతను నవ్వుతూ. చొక్కా మీద తుప్పు మరకలు. చేతిలో క్యారేజీ, చంకలో ఒక కాగితం పొట్లం. "కొత్త టై. కమిటీకి టై కడితే మంచిదని పెద్దాయన చెప్పాడు. నా మెడకి టై ఏంటో, గేదెకి గంట కట్టినట్టు!"

ఆమె నవ్వాలని చూసింది. పెదవులు సగం దాకా వెళ్ళి ఆగాయి.

అతను అదేమీ గమనించనట్టు క్యారేజీ కింద పెట్టాడు. చప్పుడు కాలేదు. రెండడుగులు ముందుకు వేసి, కాస్త వంగి, ఆమె ముఖం మీద ఊదాడు.

వెచ్చదనం తెలిసింది. తడి తెలిసింది. చెంప మీద ఒక వెంట్రుక కదలడం తెలిసింది. పద్నాలుగు నెలలుగా తెలుస్తున్నది ఇంతే.

"సరే" అనలేదు ఆమె. మామూలుగా ఉండాలని, కొంచెం విసుగు కూడా కలిపి అంది:

"రోజూ ఈ లవంగాలేంటండీ? ఇవాళ మరీ ఘాటుగా కొడుతున్నాయి."

అతని ముఖంలో నవ్వు అలాగే ఉంది. కానీ దాని వెనక మనిషి లేడు.

"ఇవాళ నమల్లేదు," అన్నాడు.

వంటింట్లో ఏదో గరిటె చప్పుడు మొదలై ఆగిపోయింది.

"పొట్లం నిన్ననే అయిపోయింది. ఇవాళ ఒక్కటి కూడా వెయ్యలేదు నోట్లో."

ఆమె కళ్ళ ముందుకు అత్తగారి ఖాళీ అరచెయ్యి వచ్చింది. ఒకేరోజు రెండుసార్లు. లేనిదానికి పేరు పెట్టి మరీ దొరికిపోయింది.

తన ముఖంలో ఏం కనబడుతోందో ఆమెకు తెలియదు. అతని ముఖంలో మాత్రం ఆశ్చర్యం కోసం వెదికింది. ఎక్కడా లేదు.

"మీకు తెలుసు," అంది మెల్లగా.

"ఊఁ."

"ఎప్పట్నుంచి?"

"బీరువా వెనక ఎలుక చచ్చింది, గుర్తుందా? ఎలా గుర్తుంటుందిలే, నీకు తెలిస్తే కదా." అతను గోడకు ఆనుకున్నాడు. బూట్లు ఇంకా విప్పలేదు. "మూడురోజులు ఇల్లంతా కంపు. నువ్వా బీరువా పక్కనే కూర్చుని నా చొక్కాకి బొత్తాలు కుట్టావు, పాడుకుంటూ. నువ్వు పనికెళ్ళాక నేనే తీసి పారేశాను."

"అది... అది ఏడాది కిందటి మాట."

"పదకొండు నెలలు."

"నాతో అనలేదే?"

"నువ్వు నాతో అన్నావా?"

"తెలిసీ రోజూ ఎందుకు ఊదారు మరి?"

"తెలియనిదానివి రోజూ ఎందుకు నిలబడ్డావు?"

ఇద్దరి మధ్యా గుమ్మం ఉంది. ఎనిమిదేళ్ళుగా అదే గుమ్మం. ఇవాళ దాని వెడల్పు పెరిగినట్టనిపించింది ఆమెకు.

పదకొండు నెలలు. సాయంత్రం నాలుగింటికి గొంతు లాగినప్పుడల్లా, ఆరున్నరకు తనను పట్టుకునేవాళ్ళు లేరని అతనికి తెలుసు. తెలిసే రోడ్డు మీద నడిచాడు. అవతలి పక్కనా? ఇవతలి పక్కనా? తెలిసీ తాగకుండా వచ్చి ఊది ఉంటే ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏ కమిటీకీ అక్కర్లేదు. తెలుసు కాబట్టే తాగి వచ్చి ఊది ఉంటే...

"ఈ పదకొండు నెలల్లో..." అంది.

"అడుగు," అన్నాడు.

"..."

"అడుగు. అడగకుండా సంతకం ఎలా పెడతావు?"

"అడిగితే చెప్తారు. చెప్పింది నేను నమ్మాలి కదా. దేంతో నమ్మను?"

అతను కిందకి చూస్తూ బూటు కొనతో గడప మీద ఏదో గీస్తున్నాడు. అలా గీయడం తాగిన రోజుల అలవాటా, మానేశాక వచ్చిన అలవాటా అని గుర్తు చేసుకోబోయింది ఆమె. గుర్తు రాలేదు.

"లవంగాలెందుకు?" అంది.

"పన్ను నొప్పి."

"నిన్న రెండు పక్కలా నమిలారట."

"ఎవరు చెప్పారు?" అతని తల చటుక్కున పైకి లేచింది. "అమ్మా?"

వంటింటి గడపలో అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. చేతులు తుడుచుకుంటోంది. అవి ఎప్పుడో ఆరిపోయినా తుడుచుకుంటూనే ఉంది.

ఆమె తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూసింది. తాను వద్దన్న దారే ఇప్పుడు మిగిలింది. ఇంకొకటి లేదు.

"అత్తయ్యకి ఊదండి," అంది.

"ఏంటీ?"

"ఒక్కసారి. మీ అమ్మ దగ్గరికెళ్ళి ఊదండి. ఆవిడకి అన్నీ తెలుస్తాయి. ఆవిడ సరే అంటే నేనిప్పుడే, ఇక్కడే, నిలబడే సంతకం పెడతాను. ఇంకేం అడగను. జన్మలో అడగను."

అతను కదల్లేదు. ఎంతసేపు కదల్లేదో గోడ గడియారానికే తెలియాలి. ఆ తర్వాత వంగి, మొట్టమొదటిసారి, ఎవరూ సరే అనకుండానే బూట్లు విప్పాడు. కుడి బూటు లేసు ఒక్క లాగుతో వచ్చింది. ఎడమదానికి ముడి పడింది. వేళ్ళతో తడిమాడు. మళ్ళీ తడిమాడు. చివరికి విప్పకుండానే కాలు లాక్కున్నాడు.

గది దాటి తల్లి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ అతని భుజం దాకానే ఉంటుంది. చిన్నప్పుడు జ్వరమొచ్చిందేమో చూడమని నుదురు చూపించినట్టు తల వంచాడు.

"అమ్మా," అన్నాడు. "చూడు."

ఆమె కళ్ళన్నీ అత్తగారి ముఖం మీదే ఉన్నాయి. తన దగ్గర లేనిదంతా ఆ ముఖంలో ఉంది ఇప్పుడు. ఆ ముక్కుపుటాలు కదిలితే చాలు. కనుబొమ్మ ముడిపడితే చాలు. ఏదో ఒకటి.

అతని వీపు కొద్దిగా పొంగింది. ఊపిరి పీల్చుకున్నాడు.

అత్తగారి చెయ్యి లేచింది. ఇందాక ఏమీ లేకుండా కోడలి ముక్కు కింద పెట్టిన ఆ చెయ్యే. ఆ ముడతల అరచెయ్యి మెల్లగా వెళ్ళి ఆవిడ ముక్కునూ నోటినీ కలిపి మూసేసింది.

ఆ సరికే కొడుకు వీపు దిగి ఉంది. ఊదడం అయిపోయింది.

"ఎందుకురా ఇవన్నీ..." అరచేతి వెనక నుంచి అత్తగారి గొంతు, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. కొడుకు వైపు చూడడం లేదు. అతని భుజం మీంచి కోడల్నే చూస్తోంది. "రేపు పదింటికి వెళ్ళాలి కదా. సంతకం పెట్టెయ్యమ్మా. పెట్టెయ్."

అతను వెనక్కి తిరగలేదు.

టీవీ పక్కన నీలం ఫైలు ఉంది. ఇస్త్రీ బల్ల మీద చొక్కా ఒక చేత్తో నున్నగా, ఒక చేత్తో ముడతలుగా అలాగే పడి ఉంది.

చెయ్యి ముందు లేచిందా? ఊపిరి ముందు తగిలిందా?

ఆమె చూస్తూనే ఉంది. రెప్ప కూడా వెయ్యలేదు. అయినా ఏది ముందో ఆమెకు తెలియలేదు.